పాత రోడ్డు మరమ్మతు కాగితాల నుంచి ఊరి చరిత్ర: గోదావరి డెల్టాలో వెతికే పద్ధతి

గోదావరి డెల్టాలో తమ ఊరి చరిత్ర రాయాలని పూనుకున్నవారు సాధారణంగా గుడిలోని శాసనంతోనో, జమీందారుల వంశావళితోనో, పెద్దలు చెప్పిన కథలతోనో మొదలుపెడతారు. ఆ ఆధారాలు విలువైనవే గాని, అవి ఎక్కువగా దానం చేసినవారి గురించీ ఏలినవారి గురించీ చెబుతాయి. ఊరికి బండి ఏ దారిన వచ్చేది, వానాకాలంలో ఆ దారి ఎన్ని నెలలు మూసుకుపోయేది, తూము కూలితే ఎవరు కట్టారు, మట్టి మోసినవారికి కూలి ఎంత ముట్టింది అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు. విక్టోరియా రాణి ఏలుబడిలో, అంటే 1837కూ 1901కీ మధ్య, ఇంజనీర్లూ ఓవర్సీర్లూ గుమాస్తాలూ చేతితో రాసిన రోడ్డు మరమ్మతు కాగితాల్లో ఆ జవాబులు చాలావరకు ఉన్నాయి. వాటిని ఎక్కడ వెతకాలో, ఎలా చదవాలో, ఎంతవరకు నమ్మాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ కాగితాలు రాసినవారికి చరిత్ర రాయాలన్న ఉద్దేశం లేదు. డబ్బు మంజూరు కావాలంటే ఏది పాడయిందో, ఎందుకు పాడయిందో, దానివల్ల ఎవరికి ఇబ్బంది కలుగుతోందో పై అధికారికి ఒప్పుదల అయ్యేలా చెప్పవలసి వచ్చేది. అందువల్ల పద్దు చివర వేసిన మొత్తం కంటే, ఆ మొత్తం ఎందుకు కావాలో చెప్పిన రెండు మూడు వాక్యాలే ఊరి చరిత్రకు ఎక్కువ పనికివస్తాయి. కొత్తగా చదివేవారు రూపాయల అంకెలన్నీ ఎత్తి రాసుకుని, కారణం చెప్పిన వాక్యాలను వదిలేయడం తరచుగా జరుగుతుంది. ఆ క్రమాన్ని మొదటినుంచీ తిరగవేసుకోవాలి.

ఒక దారిని ఎంచుకోవడం

జిల్లా మొత్తాన్ని గాని, తాలూకా మొత్తాన్ని గాని తలకెత్తుకోవద్దు. రెండు ఊళ్ళ మధ్య ఉన్న ఒక్క దారిని ఎంచుకుని, దాని మీద మైలు మైలుకూ ఏం జరిగిందో చూడడం మేలు. మరమ్మతు కాగితాలు కూడా అదే పద్ధతిలో నడుస్తాయి. ఫలానా రోడ్డు, ఫలానా మైలు, ఫలానా ఫర్లాంగు అని చెప్పి, ఆ తర్వాతే పని వివరం రాస్తారు. మైలుకు 8 ఫర్లాంగులు, ఫర్లాంగుకు 220 గజాలు అని గుర్తుపెట్టుకుంటే చాలు, కాగితం మీది చోటును నేల మీద దాదాపుగా పట్టుకోవచ్చు. అయితే మైళ్ళ లెక్క ఎక్కడి నుంచి మొదలైందో ముందుగా నిర్ధారించుకోవాలి. ఒకే దారిని ఒక దశాబ్దంలో రేవు నుంచి, మరో దశాబ్దంలో తాలూకా కచేరీ నుంచి కొలిచి ఉంటే, మూడో మైలులోని తూము రెండు వేర్వేరు తూములుగా కనబడి మనలను తప్పుదారి పట్టిస్తుంది.

దారిని ఎంచుకునే ముందు డెల్టాకు మాత్రమే చెందిన ఒక సంగతి తెలుసుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కింద తవ్విన పెద్ద కాలువలను సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా పనికివచ్చేలా లాకులు, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల కట్టడాలు, పెట్టి కట్టారు. కాకినాడ నుంచి ధవళేశ్వరం మీదుగా ఏలూరు దాకా, అక్కడి నుంచి కృష్ణా కాలువల్లోకి, ఆ తర్వాత బకింగ్‌హాం కాలువ గుండా మద్రాసు దాకా సరుకు నీటి మీదనే వెళ్ళే వీలు ఏర్పడింది. ధాన్యం, కొబ్బరి, బెల్లం పడవలో పోతున్నప్పుడు రోడ్డు మీద పెద్ద మొత్తాలు ఖర్చు పెట్టవలసిన అవసరం సర్కారుకు కనబడలేదు. కాబట్టి మీ ఊరికి 1870ల్లో రోడ్డు మరమ్మతు పద్దు దొరకలేదంటే ఊరికి రాకపోకలు లేవని అర్థం చేసుకోకూడదు. ఊరి దారి కాలువ గట్టే అయి ఉండవచ్చు, దాని ఖర్చు రోడ్ల పద్దులో కాక నీటిపారుదల పద్దులోనో నావిగేషన్ పద్దులోనో పడి ఉండవచ్చు. గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో ఏ ఊరి గురించి వెతికినా, రోడ్ల కాగితాలనూ కాలువల కాగితాలనూ కలిపి చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. నేటి జాతీయ రహదారి తణుకు, రావులపాలెం మీదుగా పోతోంది కదా అని పాత ట్రంకు రోడ్డును అక్కడ వెతికితే శ్రమ వృథా అవుతుంది. మద్రాసు నుంచి కలకత్తా పోయే ఆనాటి ట్రంకు రోడ్డు ఏలూరు దాటాక మెరక మీదుగా కొవ్వూరు చేరి, అక్కడ గోదావరి దాటి రాజమండ్రిలో అడుగుపెట్టేది. డెల్టా నడిబొడ్డున ఉన్న దారులన్నీ దానికంటే తక్కువ హోదా గలవి కాబట్టి వాటి కాగితాలు జిల్లా నిధుల కింద దొరుకుతాయి.

ఎవరి కాగితమో తెలుసుకోవడం

రోడ్డు ఒకటే అయినా దాని మరమ్మతు బాధ్యత విక్టోరియా కాలంలో చాలాసార్లు చేతులు మారింది. ఏ ఏడాది కాగితం ఏ కార్యాలయం కట్టలో ఉంటుందో తెలియాలంటే ఈ మార్పుల క్రమం తెలిసి ఉండాలి. 1850ల్లో మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) పబ్లిక్ వర్క్స్ శాఖ ఏర్పడక ముందు చెరువులు, కాలువలు, సత్రాల బాగుచేతతో పాటు దారుల సంగతి కూడా చాలావరకు రెవెన్యూ యంత్రాంగం చేతిలో, మరామత్తు పేరుతో సాగేది. ఆ కాలానికి కలెక్టరుకూ మద్రాసులోని రెవెన్యూ బోర్డుకూ మధ్య నడిచిన ఉత్తరాలు చూడాలి. 1866లో జిల్లా రోడ్డు సెస్సు చట్టం వచ్చి భూమి శిస్తుతో పాటు రోడ్ల కోసం విడిగా పన్ను వసూలు చేయడం మొదలైంది. 1871 నాటి లోకల్ ఫండ్స్ చట్టం దాన్ని విస్తరించి రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు, సత్రాలు, టీకాల ఖర్చును ఒకే నిధి కిందికి తెచ్చింది. 1884 నాటి లోకల్ బోర్డుల చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు, వాటి కింద ఊళ్ళ స్థాయిలో యూనియన్లు ఏర్పడ్డాయి. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వంటి పట్టణాల వీధులు మాత్రం మునిసిపాలిటీల కిందికి పోయాయి కాబట్టి వాటిని విడిగా వెతకాలి.

జిల్లా సరిహద్దులు కూడా మారాయి. రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను 1859లో తిరగదిద్ది గోదావరి, కృష్ణా జిల్లాలుగా చేశారు. 1904లో తణుకు, భీమవరం, ఏలూరు, యర్నగూడెం తాలూకాలతో పాటు నరసాపురం తాలూకాలో ఎక్కువ భాగం కృష్ణా జిల్లాకు పోయింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది, పాత గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 2022లో మళ్ళీ కొత్త జిల్లాలు వచ్చాయి. కాబట్టి భీమవరం దగ్గరి ఒక ఊరికి 1880 నాటి కాగితం కాకినాడ జిల్లా కేంద్రంగా ఉన్న గోదావరి జిల్లా పేరు కింద ఉంటుంది, 1910 నాటిది కృష్ణా జిల్లా పేరు కింద ఉంటుంది. యానాం ఫ్రెంచి ఏలుబడిలో ఉండేది కాబట్టి ఆ పట్టణంలోని దారుల కాగితాలు మద్రాసు కట్టల్లో ఆశించకూడదు.

ఎక్కడ వెతకాలి

మద్రాసు ప్రభుత్వపు ప్రొసీడింగ్సు, అంటే ప్రభుత్వం చదివిన ఉత్తరాలనూ వాటి మీద ఇచ్చిన ఉత్తర్వులనూ చేర్చిన సంపుటాలు, ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో ఉన్నాయి. గోదావరి జిల్లా పాత రికార్డులు కొన్ని రాష్ట్ర ఆర్కైవ్సుకు వచ్చాయి. అది హైదరాబాదు తార్నాకలో ఉండేది, రాష్ట్ర విభజన తర్వాత ఏర్పాట్లు మారాయి కాబట్టి, ఏ రికార్డు ఇప్పుడు ఎక్కడుందో ముందుగా ఉత్తరం రాసి కనుక్కుని బయలుదేరాలి. మద్రాసు ప్రొసీడింగ్సు ప్రతులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో కూడా ఉన్నాయి. చెన్నైలో ఒక సంపుటం చెదలు పట్టి చదవరానిదై ఉంటే అక్కడి ప్రతి పనికివస్తుంది.

ప్రొసీడింగ్సు సంపుటాన్ని మొదటి పేజీ నుంచి తిప్పుతూ పోవద్దు. ముందు సూచికలో జిల్లా పేరు కింద, ఆపైన రోడ్డు పేరు కింద, అదీ దొరకకపోతే తాలూకా పేరు కింద చూడాలి. ప్రతి అంశంలోనూ ముందు చదివిన ఉత్తరాల పాఠం, తర్వాత దాని మీద ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఉంటాయి. ఉత్తర్వు ఒక్క వాక్యమే కావచ్చు, ఊరి సంగతులన్నీ పైన చేర్చిన ఉత్తరంలోనే ఉంటాయి. అందువల్ల ఉత్తర్వు చదివి పేజీ తిప్పేయకుండా, జతపరచిన ఎస్టిమేటు, దాని కింది నివేదిక, ఉంటే పటం కూడా చూడాలి. సూచికలో ఊళ్ళ పేర్లు ఆనాటి ఇంగ్లీషు వారి చెవికి పట్టిన రూపంలో ఉంటాయి. కాకినాడను కొకనాడా అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ రాశారు. చిన్న ఊరి పేరైతే మూడు నాలుగు రకాల అక్షరక్రమాలు ముందే రాసుకుని వెళ్ళడం మంచిది.

స్థానికంగా చూడవలసిన చోట్లు మరికొన్ని ఉన్నాయి. ధవళేశ్వరంలోని నీటిపారుదల కార్యాలయాలు, జిల్లా బోర్డుల వారసత్వం పొందిన జిల్లా పరిషత్తులు, రోడ్లు భవనాల శాఖ కార్యాలయాలు, తహసీల్దారు కచేరీల రికార్డు గదులు అటువంటివి. చిల్లర మరమ్మతుల కాగితాలు గడువు తీరాక పారవేసే తరగతిలో పడేవి కాబట్టి ఇక్కడ అన్నీ మిగిలి ఉంటాయని ఆశించరాదు. అయినా పాత రోడ్ల రిజిస్టర్లు, పటాలు అప్పుడప్పుడు దొరుకుతాయి. ఏ సంవత్సరం, ఏ రోడ్డు, ఏ రకం రిజిస్టరు అన్నది స్పష్టంగా రాసి అడిగితే జవాబు వస్తుంది, ‘పాత కాగితాలన్నీ’ అని అడిగితే రాదు. అవసరమైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు.

చేతిరాతను, లెక్కలను చదవడం

మొదటి రోజు ఏ కాగితమూ చదవలేకపోతున్నామన్న నిరాశ కలగడం సహజం. ఆనాటి గుమాస్తాలు ఉక్కు పాళీతో, కుడివైపుకు వాలిన కలిపిరాతలో, అక్షరం మీద అక్షరం తగిలేలా రాశారు. ఇంగ్లీషు ఎన్, యు, వి, డబ్ల్యు అక్షరాలు ఒకే రకం గీతల వరుసగా కనబడతాయి. శతాబ్దం మధ్య వరకు ఎస్సు జంటగా వచ్చినప్పుడు మొదటిదాన్ని ఎఫ్ వలె పొడుగ్గా రాసే అలవాటు కొందరికి ఉండేది. దీనికి మంచి ఉపాయం ఏమిటంటే, అర్థం తప్పకుండా తెలిసిన మాటలను ముందుగా పట్టుకోవడం. నెలల పేర్లు, గోదావరి, రాజమండ్రి, మైలు, రూపాయి అన్న మాటలు ప్రతి పేజీలోనూ ఉంటాయి. వాటిలోని అక్షరాలను ఒక కాగితం మీద దించుకుంటే ఆ గుమాస్తా వర్ణమాల మన చేతికి వస్తుంది. గుమాస్తా మారితే ఆ పట్టిక మళ్ళీ తయారు చేసుకోవాలి. 1860ల తర్వాతి ప్రొసీడింగ్సు చాలావరకు అచ్చులో ఉంటాయి గనుక, ముందు అచ్చువి చదివి వాటి భాషకూ వాక్యాల పోకడకూ అలవాటుపడి, ఆ తర్వాత చేతిరాతకు వెళ్ళడం నేను సూచించే క్రమం. ఉత్తరాలలో వాడే మాటలు పరిమితమైనవి కాబట్టి తర్వాతి మాట ఏదో ఊహకు అందడం త్వరలోనే మొదలవుతుంది.

కరణాలు తెలుగులో పంపిన అర్జీలు, లెక్కలు జతచేసి ఉంటే అవి గొలుసుకట్టు రాతలో, తెలుగు అంకెలతో ఉంటాయి. పాతిక అంటే నాలుగో వంతు, పరక అంటే ఎనిమిదో వంతు, వీసం అంటే పదహారో వంతు. వీటి గుర్తులు నిలువు, అడ్డ గీతలే గనుక వాటిని అంకెలుగా పొరబడే ప్రమాదం ఉంది. కరణాల కుటుంబాలలో ఈ రాత చదవగలిగిన పెద్దలు ఇప్పటికీ అక్కడక్కడ ఉన్నారు, వారి దగ్గర కూర్చుని చదివించుకోవడం ఆలస్యం చేయకూడని పని.

డబ్బు రూపాయలు, అణాలు, పైలుగా మూడు గళ్ళలో ఉంటుంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. సిరా పాకి ఒక అంకె కనబడకపోతే ఊహించవద్దు, లెక్క చేయాలి. ఒక పద్దులో 100 ఘనపు గజాల మట్టి పని, మొత్తం 21 రూపాయల 14 అణాలు అని చదవగలిగి, రేటు మాత్రం చెరిగిపోయిందనుకుందాం. 21 రూపాయల 14 అణాలంటే 350 అణాలు, దాన్ని 100తో భాగిస్తే మూడున్నర అణాలు, అంటే 3 అణాల 6 పైలు ఘనపు గజం రేటు అవుతుంది. అదే పేజీలో ఇంకో పద్దుకు అదే రేటు సరిపడితే మీ చదువు సరైనదని నమ్మవచ్చు.

తేదీలలో మూడు రకాల సంవత్సరాలు కలిసిపోతాయి. రెవెన్యూ కాగితాలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో, నడుస్తాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1290 అంటే 1880 జూలైలో మొదలై 1881 జూన్‌తో ముగిసిన ఏడాది. ఇంజనీరింగు ఖర్చులు సర్కారు ఆర్థిక సంవత్సరంలో ఉంటాయి. అది 1867 ముందు మే 1న మొదలయ్యేది, ఆ ఏడాది నుంచి ఏప్రిల్ 1కి మారింది. ఊరివాళ్ళ అర్జీలలో తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ప్రభవ 1867–68 అని పెట్టుకుని లెక్కిస్తే ధాత 1876–77 అవుతుంది, ఆ కరువును జనం ధాత కరువుగానే గుర్తుపెట్టుకున్నారు. ఒకే వరద ఈ మూడు లెక్కల్లో మూడు వేర్వేరు ఏళ్ళుగా కనబడవచ్చు కాబట్టి, ప్రతి సంగతి పక్కనా మూలంలోని తేదీని ఉన్నదున్నట్టు రాసి, క్రీస్తు సంవత్సరాన్ని విడిగా రాసుకోవాలి.

ఎస్టిమేటు వేరు, జరిగిన పని వేరు

ఈ మార్గదర్శినిలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి: ఎస్టిమేటు ఒక ప్రతిపాదన మాత్రమే. దానిలో రాసిన తూము కట్టారనడానికి అది రుజువు కాదు. స్థానిక చరిత్ర వ్యాసాలలో ఫలానా ఏడాది ఫలానా వంతెన కట్టారని చెప్పిన చోట ఆధారం వెతికితే, అది మంజూరు కాని ఎస్టిమేటే కావచ్చు. పని ప్రతిపాదన దశలో ఒక కాగితం, మంజూరు దశలో ఇంకొకటి, పని సాగుతుండగా కొలతల పుస్తకంలో పద్దులు, కూలివారి మస్టరు రోలు (హాజరు పట్టీ), చివరకు బిల్లు, పని పూర్తయిన నివేదిక పుడతాయి. వీటిలో కొలతల పుస్తకమూ బిల్లూ జరిగిన పనికి దగ్గరివి. అవి దొరకనప్పుడు, తర్వాతి ఏళ్ళ సాలీనా మరమ్మతు పద్దులో ఆ తూము పేరు వస్తోందేమో చూడాలి. ఉన్నదానికే మరమ్మతు ఉంటుంది గనుక అది మంచి సాక్ష్యం.

ఆ కాగితాలలో కొత్త పని, సాలీనా మరమ్మతు, ప్రత్యేక మరమ్మతు అని విభాగాలు కనబడతాయి. సాలీనా మరమ్మతులో ఏటా దాదాపు ఒకే మాటలు, ఒకే అంకెలు వస్తుంటే గుమాస్తా పాత కాగితాన్ని ఎత్తి రాశాడని అనుమానించాలి. ఆ వరుస ఎక్కడ తెగిందో అక్కడే ఊరిలో ఏదో జరిగింది. ఒక మైలుకు హఠాత్తుగా ఖర్చు పెరిగితే వరదో తుపానో, కొత్త సంతో, బరువైన బండ్ల రాకపోకలో కారణమై ఉంటుంది. ఖర్చు పూర్తిగా ఆగిపోతే దారి మారిందో, ఏరు దాన్ని కోసేసిందో చూడాలి. ప్రత్యేక మరమ్మతు కోరినప్పుడు మాత్రం కారణాన్ని విడమరచి చెప్పక తప్పదు, కాబట్టి ఊరి చరిత్రకారుడికి అదే అసలైన గని. అయితే డబ్బు కోరేవాడు నష్టాన్ని కొంత పెంచి చెబుతాడు, డబ్బు ఇచ్చేవాడు కొంత తగ్గించి చూస్తాడు. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టి, వారిద్దరూ ఒప్పుకున్న సంగతిని ముందు తీసుకోవాలి.

కాగితం నుంచి ఏమేం రాబట్టవచ్చు

రాయి సంగతితో మొదలుపెడతాను, ఎందుకంటే డెల్టాలో దానికి ఉన్న విలువ ఇంకెక్కడా ఉండదు. ఒండ్రు నేలలో గులకరాయి కూడా దొరకదు. రోడ్డు మీద పరచవలసిన కంకర, గ్రావెలు మెరక ప్రాంతాల నుంచి, కొండలున్న చోట్ల నుంచి రావాలి, డెల్టా లోపలికి అవి రావడానికి పడవే మార్గం. అందువల్ల ఒక ఎస్టిమేటులో రాయి కొట్టిన కూలి కంటే దాన్ని చేర్చిన ఖర్చు ఎక్కువ కనబడితే ఆశ్చర్యపడనవసరం లేదు. కంకర ఏ క్వారీలో ఎక్కింది, ఏ కాలువలో వచ్చింది, ఏ లాకు దగ్గర దిగింది, అక్కడి నుంచి ఎన్ని ఫర్లాంగులు బండి మీద లాగారు అన్న వివరాలు రేటు లెక్కలో దొరుకుతాయి. కాలువలకు నీరు ఆపేసే లోపు రాయి చేరకపోతే పని ఆ ఏడాదికి ఆగిపోతుంది గనుక, ఆలస్యాల గురించిన ఉత్తరాలు కాలువలకు నీరు ఎప్పుడు ఆపారో, ఎప్పుడు వదిలారో కూడా చెబుతాయి. రాయి చేరని ఊళ్ళకు మట్టి రోడ్డే గతి. నల్లరేగడి మీద ఇసుక, కోనసీమ తీరపు ఇసుక మీద బంకమట్టి పరచడం వంటి పనులు కనబడితే ఆ ఊరి నేల స్వభావం కూడా తెలుస్తుంది.

తర్వాతది నీరు. రోడ్డు కోతపడిన చోటు, నీరు ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎన్ని అడుగుల ఎత్తున నిలిచింది అన్న సంగతులు డెల్టా ఊరికి ప్రాణం వంటివి. ఏరు పొంగి వచ్చిన వరదకూ, డ్రైను మూసుకుపోయి చేలలో నిలిచిన ముంపుకూ, తుపానుతో వచ్చిన ఉప్పునీటికీ తేడా ఉంది, ఆ తేడాను మరమ్మతు కాగితాలు తరచుగా చెబుతాయి. తీరపు ఊళ్ళకు ఇది మరీ ముఖ్యం. రోడ్డు గట్టు ఎత్తు చేయడం వల్ల పక్క పొలాల నీరు పోవడం లేదని రైతులు పెట్టుకున్న అర్జీలు, దాని మీద తూము వేయించాలన్న సిఫారసులు కనబడితే వాటిని వరుసగా పటం మీద గుర్తించండి. ఊరి మురుగు ఎటు పారేదో, ఎవరి పొలం ఎవరి పొలానికి అడ్డమయిందో అక్కడ తేలుతుంది. లంక గ్రామాల విషయంలో, రోడ్డును వెనక్కి జరపవలసి వచ్చిందన్న ప్రతి నివేదికా గోదావరి పాయ ఒడ్డును ఎంత కోసిందో చెప్పే తేదీ గల కొలతే.

రేవుల కాగితాలను విడిగా పట్టించుకోవాలి. విక్టోరియా కాలంలో గోదావరి మీద బండ్లు నడిచే వంతెన లేదు, 1900లో రాజమండ్రి దగ్గర వచ్చినది రైలు వంతెన. దారి ఏదైనా పాయ దగ్గర ఆగి, పంటు (బండ్లను దాటించే బల్లకట్టు పడవ) ఎక్కి, అవతలి ఒడ్డున మళ్ళీ మొదలయ్యేది. రేవు పాట ఎంతకు పోయింది, బండికెంత, మనిషికెంత వసూలు చేశారు అన్న సంగతులు ఆ దారి రద్దీకి కొలమానం. అంతర్వేది రథోత్సవం, కోటిపల్లి శివరాత్రి, గోదావరి పుష్కరాల సమయంలో దారి బాగుచేయించాలన్న ఉత్తరాలు కూడా వెతకదగినవి. కాలువ నీటిని గోదావరి పాయ మీదుగా దాటించిన, కోనసీమలోని గన్నవరం అక్విడక్టు వంటి కట్టడం ఉన్న ఊళ్ళ వారు, పెద్ద కట్టడం కాగితాలతో తృప్తిపడకుండా దాని పక్కన కాలిబాట, బండిదారి ఎలా నడిచాయో చూడాలి.

రోడ్డు పక్క చెట్లు మరో పద్దు. మర్రి, చింత, మామిడి మొక్కలు నాటించిన ఖర్చు, నీళ్ళు పోసినవారి జీతం, కాపు వేలం వేసిన రాబడి కాగితాల్లో వస్తాయి. ఊరి చివర ఇప్పటికీ నిలిచి ఉన్న చింత వరుస వయసు అలా తేలవచ్చు.

మనుషుల సంగతి చివర చెబుతున్నా అది చిన్నది కాదు. కంట్రాక్టరు పేరు తప్ప పని చేసినవారి పేర్లు మామూలుగా కనబడవు. మస్టరు రోలు దొరికితే మాత్రం మగవారికి, ఆడవారికి, పిల్లలకు వేర్వేరుగా ఇచ్చిన దినకూలి ఉంటుంది. వడ్డెర, ఉప్పర వంటి మట్టి, రాతి పనివారి గుంపులను కులం పేరుతో మాత్రమే, అదీ ఇంగ్లీషులో వంకర అక్షరక్రమంతో పేర్కొన్నారు. రాసినవారి చులకన ధోరణిని మన వ్యాసంలోకి తెచ్చుకోకుండా, వారి శ్రమ వివరాన్ని మాత్రం పూర్తిగా తెచ్చుకోవాలి. 1876–78 కరువులో కాలువ నీరున్న డెల్టా మిగతా జిల్లాలంత దెబ్బతినలేదు. కాబట్టి ఆ ఏళ్ళ కూలి రేట్లను ముందూ వెనుకా ఏళ్ళతో పోల్చి, బయటి నుంచి పనికోసం వచ్చినవారి ప్రస్తావన ఉందేమో చూడడం మంచి పరిశీలన అవుతుంది.

నేల మీద సరిచూడడం

కాగితంలో దొరికినదాన్ని గ్రామ పటం మీద పెట్టి చూడాలి. భూమి శిస్తు నిర్ణయించిన సెటిల్‌మెంటు కాలపు డైగ్లాట్ (రెండు భాషల) రిజిస్టరులోనూ ఆ తర్వాతి ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంటు రిజిస్టరు)లోనూ రోడ్డు పోరంబోకు, కాలువ పోరంబోకు సర్వే నెంబర్లతో సహా ఉంటాయి. రోడ్డు కోసం ఎవరి పట్టా భూమి తీసుకున్నారో కూడా వాటిని పోల్చితే తెలుస్తుంది. 1878లో వచ్చిన జిల్లా మాన్యువల్, 1907 నాటి గెజెటీరు దారుల స్థూల చిత్రం ఇస్తాయి గాని, చిన్న ఊరి విషయంలో వాటి మాటకంటే చేతిరాత కాగితానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కరణాల ఉద్యోగాలు 1984లో రద్దయినప్పుడు గ్రామ లెక్కలు అప్పగించగా మిగిలిన పాత పుస్తకాలు కొన్ని ఇళ్ళ అటకల మీద ఉండిపోయాయి. అడిగేటప్పుడు భూమి తగాదా కోసం కాదని ముందే చెప్పి, ఇంట్లోనే ఫొటో తీసుకుని పుస్తకం వారికే వదిలి రావాలి.

ఆ తర్వాత దారి వెంట నడవండి. ఇటుక తూముల కమానులు, అరిగిపోయిన మైలురాళ్ళు, ఎత్తయిన పాత గట్టు, దిక్కులేక నిలబడిన సత్రం గోడ కాగితంతో సరిపోలుతున్నాయేమో చూసుకోవాలి. పెద్దలను అడిగేటప్పుడు ‘ఈ తూము ఎప్పుడు కట్టారు’ అని కాక ‘మీ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవి, బండి ఎక్కడ దిగబడేది’ అని అడిగితే సంవత్సరాల కంటే నమ్మదగిన జవాబు వస్తుంది.

రాయడం మొదలుపెట్టాక ప్రతి వాక్యానికీ మూలం పక్కనే ఉండాలి. ఏ ఆర్కైవ్సు, ఏ శాఖ ప్రొసీడింగ్సు, తేదీ, ఉత్తర్వు సంఖ్య, పేజీ అని పూర్తిగా ఇవ్వాలి. కాగితం చెప్పినది, నేల మీద చూసినది, పెద్దలు చెప్పినది, మనం ఊహించినది అన్న నాలుగూ చదివేవారికి విడివిడిగా తెలిసేలా వాక్యం నిర్మించాలి. మంజూరైన పనిని మంజూరైనదనీ, పూర్తయిన పనిని పూర్తయినదనీ రాయాలి. చదవలేకపోయిన అంకె చోట గీత పెట్టి, ఆ పేజీ ఫొటోను అదే సంఖ్యతో భద్రపరచి, ఊరి గ్రంథాలయంలో వ్యాసంతో పాటు ఒక ప్రతి ఉంచితే, ఆ అంకెను మీ తర్వాత చదివేవారు పూరించగలుగుతారు.